40 సెకన్ల భోజనం, ఒక స్లో ఫీడర్ గిన్నె, మా అత్తగారి పెనం

కుక్క గబగబా మింగేయకుండా లోపల గట్లు ఉండే గిన్నెని స్లో ఫీడర్ అంటారు. అది కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను కొని ఏడు నెలలయింది. పార్సిల్ విప్పిన రోజే అయిదు స్టార్లు ఇచ్చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళ మాట నమ్మే నేనూ కొన్నాను. మొదటి వారంలో రాసి ఉంటే నేనూ అయిదే ఇచ్చేదాన్ని. మూడో నెలలో రాసి ఉంటే ఒకటి. ఇప్పుడు మురిపెమూ తగ్గింది, కోపమూ తగ్గింది కాబట్టి కాస్త నిదానంగా చెప్పగలను.

మాది కాకినాడ. మా ఇంట్లో ఉన్నది మూడేళ్ళ ల్యాబ్రడార్. లేత గోధుమ రంగు, 34 కిలోలు. మా అబ్బాయి బెంగళూరులో ఉన్నప్పుడు కొనుక్కుని బ్రూనో అని పేరు పెట్టాడు. తర్వాత ఉద్యోగం పుణె మారింది, అక్కడ ఇంటివాళ్ళు కుక్కలు వద్దన్నారు. "ఒక్క నెల ఉంచుకో అమ్మా, ఇల్లు చూసుకోగానే తీసుకెళ్తా" అని తెచ్చి దింపాడు. ఏడాదిన్నర అయింది. ఇప్పుడు వాడొచ్చి అడిగినా ఇవ్వను, అది వేరే విషయం.

మా అత్తగారికి ఎనభై దాటాయి. ఆవిడ నోట బ్రూనో అన్న పేరు ఒక్కసారీ రాలేదు. వచ్చిన రోజు వాడు అన్నం తినడం చూసి "వృకోదరుడే వీడు" అన్నారు. అదే ఖాయమైపోయింది. వృకోదరుడంటే భీముడు, తోడేలు కడుపువాడని అర్థం. తోడేలు జాతివాడికి అంతకన్నా సరైన పేరు ఏముంటుందని ఆవిడ వాదన.

పొద్దున గింజలు, అంటే బస్తాలో వచ్చే డాగ్ ఫుడ్, 150 గ్రాములు. రాత్రికి ఇంటి తిండి: మెత్తగా వండిన అన్నం, ఉడికించిన చికెన్, గుమ్మడికాయో క్యారెట్టో, కాస్త పెరుగు. స్టీలు బేసిన్‌లో గింజలు పోస్తే మూతి మొత్తం ముంచేసేవాడు. పంటి కింద ఒక్క గింజ నలిగిన చప్పుడు వినపడేది కాదు, అన్నీ గుటకలే. గిన్నె ముందుకు జరిగి జరిగి వరండా చివర గోడకు తగిలి ఆగేది. ఖాళీ అయ్యాక అక్కడే ఇంకో రెండు నిమిషాలు అడుగు నాకేవాడు. ఒకరోజు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. 40 సెకన్లు. మావారు నమ్మలేదు. మర్నాడు ఆయనే టైము పట్టారు. 38.

ఇదంతా నవ్వుకునే విషయంగానే ఉండేది, కక్కడం మొదలుపెట్టేదాకా. తిన్న అయిదు, పది నిమిషాలకు గుమ్మం దగ్గర నిలబడి తల వంచేవాడు. గొట్టంలోంచి జారినట్టు పొడుగ్గా ఒక ముద్ద పడేది. గింజలు గింజల్లాగే ఉండేవి, కూర్చుంటే లెక్కపెట్టుకోవచ్చు. నేను చీపురూ చేటా తెచ్చేలోపు ఆ ముద్దను వాడే మళ్ళీ తినేసేవాడు. "రెండుసార్లు భోజనం, ఖర్చు ఒకసారిదే" అనేవారు మా అత్తగారు. వారంలో మూడుసార్లు అలా జరిగాక నాకు టెన్షన్ పట్టుకుంది.

పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన మందు రాయకుండా ముందు ప్రశ్నలు మొదలుపెట్టారు. కక్కే ముందు పొట్ట ఎగదన్నుతోందా, లేక తల వంచగానే జారి పడిపోతోందా? ఈ తేడా నాకు అప్పటిదాకా తెలీదు. పొట్ట ఎగదన్ని వచ్చేది వాంతి, లోపలి జబ్బు ఏదైనా ఉండొచ్చు. ఏ కష్టమూ లేకుండా అలా జారి వచ్చేస్తే, తిండి కడుపులో సరిగ్గా కుదురుకోకముందే వెనక్కి వస్తోందన్నమాట. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారు, దురదకి స్టెరాయిడ్ బిళ్ళలు ఏమైనా వాడుతున్నారా (వాటితో ఆకలి బాగా పెరుగుతుందట), ఎంత తిన్నా బరువు తగ్గుతున్నాడా అని అడిగారు. బాగా తింటూ చిక్కిపోతుంటే మాత్రం షుగరో, పాంక్రియాస్ సమస్యో అని అనుమానించి రక్తపరీక్ష చేయాలట. మావాడి నడుము చూసి ఆ ప్రశ్న ఆయనే వెనక్కి తీసుకున్నారు.

"జబ్బేం లేదమ్మా, తొందర. గాలి కూడా మింగేస్తున్నాడు" అన్నారు. ఆ తర్వాత చెప్పింది మాత్రం నవ్వుతూ చెప్పలేదు. పెద్ద జాతి కుక్కలకి, ముఖ్యంగా ఛాతీ లోతుగా ఉండే గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ లాంటివాటికి, కడుపులో గాలి నిండి ఉబ్బి, ఒక్కోసారి కడుపే మెలి తిరిగిపోతుంది. గబగబా తినడం దానికి ఒక కారణం కావచ్చు. ల్యాబ్రడార్లకి అంత ఎక్కువ కాదు కానీ, రాదని లేదు. పొట్ట డప్పులా బిగిసి, కక్కబోయినా ఏమీ రాక, చొంగ కారుస్తూ నిలకడ లేకుండా తిరుగుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు, గంటల్లో ప్రాణం పోతుంది, ఆపరేషన్ ఒక్కటే దారి అన్నారు. ఇంటికొచ్చాక ఆ లక్షణాలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఇప్పటికీ ఉంది.

అదే రోజు ఇంకో పని కూడా చేశాం. మావారు వాడి మెడకి శ్రమ లేకుండా గిన్నెను ముక్కాలిపీట మీద పెట్టేవారు, ఎవరో చెప్పారని. 2000లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళు పెద్ద కుక్కల మీద చేసిన పరిశోధనలో, గబగబా తినేవాటికీ, ఎత్తు మీద పెట్టిన గిన్నెల్లో తినేవాటికీ ఈ కడుపుబ్బరం ఎక్కువని తేలిందని మా అబ్బాయి ఫోన్‌లో చెప్పాడు. ఎత్తు సంగతి మీద అందరిదీ ఒకే మాట కాదని కూడా వాడే చెప్పాడు. ఏదైతేనేం, పీట మళ్ళీ పూజగదిలోకి వెళ్ళిపోయింది.

ఆ వారమే మా అబ్బాయి స్లో ఫీడర్ ఆర్డర్ పెట్టాడు. దాంతోపాటు ఒక పాఠం కూడా చెప్పాడు. 2016లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ వాళ్ళు ల్యాబ్రడార్ల జన్యువులు చూస్తే, దాదాపు నాలుగింట ఒక వంతు కుక్కల్లో పీఓఎమ్‌సీ అనే జన్యువులో ఒక ముక్క లేదట. కడుపు నిండిందన్న కబురు మెదడుకి చేరవేసే పనిలో ఆ జన్యువుకి పాత్ర ఉంది. ఆ ముక్క లేనివి బరువెక్కువ, తిండి మీద యావ ఎక్కువ. మావాడికి ఆ పరీక్ష చేయించలేదు. "వాడి మొహం చూస్తే రిపోర్టు కనపడుతూనే ఉంది" అన్నారు మావారు. నాకు మాత్రం ఆ సంగతి తెలిశాక వాడి మీద విసుగు తగ్గింది. ఆకలి తీరని ప్రాణిని తిండిపోతు అని తిట్టి ఏం లాభం?

ఇక గిన్నె సంగతి. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇదే అచ్చు, ఇదే రంగు గిన్నె పది పేర్లతో దొరుకుతోంది. మాకు 449 రూపాయలు పడింది. నీలం ప్లాస్టిక్, జానెడు పైన వెడల్పు. లోపల నున్నగా గట్లు, మధ్యలో కాలవలు, పైనుంచి చూస్తే మెలికల ముగ్గులా ఉంటుంది. గింజలు పోస్తే ఆ కాలవల్లోకి దిగిపోతాయి. కుక్క నాలుకతోనూ మూతి కొసతోనూ ఒక్కో వంపులోంచి తోడుకుని తినాలి.

మొదటి రోజు నిజంగా చూడముచ్చటగా ఉంది. అలవాటు ప్రకారం మూతి ముంచబోయాడు, ముక్కు గట్టుకి తగిలింది. వెనక్కి వచ్చి గిన్నె వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఒకసారి మొరిగాడు. తర్వాత నాలుక పక్కకి పెట్టి ఒక్కో గింజా లాగడం మొదలుపెట్టాడు. కొన్ని గింజలు నమిలాడు కూడా. ఆ కరకర చప్పుడు వినడం అదే మొదటిసారి. తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ వారమంతా ఒక్కసారీ కక్కలేదు. మా అత్తగారు కుర్చీ తెచ్చుకుని మరీ చూశారు.

మూడో వారానికి తొమ్మిది నిమిషాలు మూడున్నర అయ్యాయి. కుక్క నేర్చుకుంటుంది మరి. ఏ వంపులో నాలుక ఎటు తిప్పితే గింజలు వస్తాయో వాడికి కంఠతా వచ్చేసింది. అయినా 40 సెకన్లతో పోలిస్తే మూడున్నర నిమిషాలు గొప్పే కదా, దాంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా రెండో నెల మొదలైంది.

గిన్నె అడుగున జారకుండా నాలుగు రబ్బరు బిళ్ళలు అంటించి ఉంటాయి. తోముతుంటే రెండు ఊడిపోయాయి. ఇక గిన్నె నేల మీద పడవలా తిరగడం మొదలెట్టింది. ఒకరోజు పొద్దున వాడు ముందుకాలు అంచు మీద వేసి నొక్కాడు, గిన్నె బోర్లా పడింది, గింజలు వరండా అంతా చెల్లాచెదురయ్యాయి. నేను గట్టిగా అరవబోయి ఆగి గడియారం చూశాను. ఆ గింజలన్నీ నేల మీద ఏరుకుని తినడానికి వాడికి నాలుగు నిమిషాలకి పైనే పట్టింది. అంటే గిన్నెలో కంటే ఎక్కువ. 449 రూపాయలు పెట్టి కొన్న వస్తువు చేసే పని మా వరండా గచ్చు ఊరికే చేసి పెట్టింది. ఆ పూట నా మనసు ఎలా ఉందో మీకు చెప్పక్కర్లేదు.

అప్పటి నుంచి వారంలో రెండు మూడు రోజులు పొద్దున గింజల్ని డాబా మీద విత్తనాలు చల్లినట్టు చల్లేస్తున్నాను. ముక్కు నేలకి ఆనించి, చిమ్నీ గొట్టంలా ఊపిరి పీలుస్తూ, పావుగంట తిరుగుతాడు. గింజలు అయిపోయాక కూడా ఇంకేమైనా మిగిలిందేమోనని వెతుకుతాడు. వానాకాలం కుదరదు, వడియాలు ఎండబెట్టిన రోజు అసలే కుదరదు.

రాత్రి అన్నం సంగతి ఇంకా ఘోరం. ఈ గిన్నె తయారుచేసినవాళ్ళు పొడి గింజల్ని మాత్రమే తలుచుకుని చేసినట్టున్నారు. పెరుగన్నం వేస్తే కాలవల్లోకి దిగి కూర్చుంటుంది. పైపైన ఉన్నది నాకుతాడు, అడుగున ఉన్నదానికి నాలుక అందదు. కాసేపు తంటాలు పడి విసుగొచ్చి వదిలేస్తాడు. మా ఊరి ఉక్కకి ఆ మిగిలింది తెల్లారేసరికి పులిసి వాసన కొడుతుంది. దానికి ముందే ఎర్రచీమలు వస్తాయి. ఒకరోజు పొద్దున గిన్నె తీద్దామని చూస్తే, నీలం గిన్నె మెలికల వెంట ఎర్రటి గీత ఒకటి కదులుతోంది. ముగ్గు వేసి ఎర్రమన్ను అద్దినట్టే ఉంది. అప్పటినుంచి పళ్ళెంలో నీళ్ళు పోసి, ఆ నీళ్ళలో గిన్నె పెట్టాల్సి వచ్చింది.

తోమడం మాటకొస్తే, పీచు లోపలికి పోదు. పాత టూత్‌బ్రష్ పెట్టి ఒక్కో వంపూ గీకాలి, ఎండిన మెతుకులు సిమెంటులా పట్టేస్తాయి. మా ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి నాలుగు రోజులు ఓర్చుకుని, అయిదో రోజు "అమ్మగారూ, మీ అందరి గిన్నెలూ తోముతాను, వాడి గిన్నె మాత్రం మీరే చూసుకోండి" అని మర్యాదగా చెప్పేసింది. దానిదీ న్యాయమే. ప్లాస్టిక్ మీద గీతలు పడితే జిడ్డు, సూక్ష్మజీవులు అక్కడే మకాం పెడతాయి, కాబట్టి కడగకుండా వదిలేయడానికీ వీల్లేదు.

ఇంతలో వాన పుణ్యమా అని ఒక సంగతి బయటపడింది. వాడి భోజనం ఎప్పుడూ ముందు వరండాలోనే. అదే సమయానికి గేటు బయట వీధికుక్కలు రెండింటికి నేను ఇంత అన్నం పెడతాను, అది మా మామగారి కాలం నుంచి ఉన్న అలవాటు. అవి గేటు కడ్డీల సందుల్లోంచి వీడి గిన్నెని చూస్తుంటాయి. ఆ రోజు తుపాను వాన, వరండాలోకి జల్లు కొడుతోంది. అందుకని పెరటివైపు, బట్టలుతికే బండ పక్కన షెడ్డు కింద పెట్టాను. స్లో ఫీడర్ తోమలేదు కాబట్టి పాత స్టీలు బేసిన్‌లోనే. గింజల మధ్యలో వాడు తల ఎత్తాడు! చుట్టూ చూశాడు, మళ్ళీ తిన్నాడు. నిమిషం ఇరవై సెకన్లు. నేను నమ్మలేక వారం రోజులు అక్కడే పెట్టి చూశాను. ఒక్కరోజూ నిమిషం లోపు తినలేదు.

వాడు ఏడాదిన్నరగా గేటు వైపు ఒక కన్ను వేసి తింటున్నాడని నేను గమనించనే లేదు. ఎవరో లాక్కుంటారన్న భయం. చిన్నప్పుడు మా ఇంట్లో పదిమంది పిల్లలం ఒకే పంక్తిలో కూర్చుంటే మామిడిపండు ఎలా తినేవాళ్ళమో గుర్తొచ్చింది. టెంక కూడా నమిలేసేవాళ్ళం. డబ్బులు పెట్టి గిన్నె కొనేముందు నాకు ఎవరైనా ఈ ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది: గిన్నె మార్చేముందు చోటు మార్చి చూడు. ఇంట్లో రెండు కుక్కలు ఉన్నవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. పక్కపక్కన పెడితే ఏ స్లో ఫీడరూ పనిచేయదు. వేరే గదిలో పెట్టి తలుపు వేయండి.

ఇప్పుడు పెనం కథ. రాత్రి అన్నానికి ఏదో ఒక దారి చూడాలి. ముందు ఇడ్లీ ప్లేటు ప్రయత్నించాను, గుంటలు ఉంటాయి కదా అని. తేలిక ప్లేటు, వాడు నాకుతుంటే టంగుటంగుమని ఇల్లంతా తిరిగింది. గుంటల్లోని చిల్లుల్లోంచి పెరుగు కారి నేల పాలైంది. అప్పుడు అటక మీద ఉన్న గుంట పునుగుల పెనం గుర్తొచ్చింది. రాయలసీమ వాళ్ళు పొంగనాల పెనం అంటారు, అదే. పోత ఇనుముది, తొమ్మిది గుంటలు, మూడు కిలోల పైమాటే. పిడి విరిగిపోయి అటకెక్కింది. దించి, చింతపండుతో తోమి, వేడి చేసి నూనె రాశాను. ఒక్కో గుంటలో పెరుగన్నం పెట్టి బొటనవేలితో అదిమి, వాడి ముందు పెట్టాను.

ఒక గుంట నాకడం పూర్తయ్యేదాకా రెండోదాని జోలికి పోవడానికి వీల్లేదు, ఎందుకంటే మూతి గుంటలో పట్టదు, నాలుక ఒక్కటే పడుతుంది. గుంట నున్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి మెతుకు మూలల్లో ఇరుక్కోదు. పెనం అంగుళం కూడా కదల్లేదు. కాలు వేసి నొక్కి చూశాడు, లాభం లేక తీసేశాడు. తొమ్మిది గుంటలకి ఆరు నిమిషాలు. చివరికి పెనం అద్దంలా ఉంది.

ఇదంతా మా అత్తగారు గుమ్మంలోంచి చూశారు.

"అది నా పుట్టింటి పెనం" అన్నారు.

"పిడి విరిగి పదేళ్ళయింది కదా అత్తయ్యగారూ, ఊరికే పడి ఉందని..."

"విరిగితే విరిగింది. అడగాలా వద్దా?"

నిజమే, అడగాల్సింది. నేనేమీ మాట్లాడలేదు. ఆవిడ కూడా ఆ పూట నాతో మాట్లాడలేదు. మర్నాడు రాత్రి నేను గుంటల్లో అన్నం అదుముతుంటే వచ్చి పక్కన నిలబడి, "ఆ మూల గుంటలో తక్కువ పెట్టావు, వాడికి తెలుస్తుంది" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి రాత్రి భోజనం ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది.

ఇనప పెనం వాడదలుచుకుంటే రెండు మాటలు. వాడు తినగానే కడిగి, తుడిచి, నూనె చెయ్యి రాయాలి, పెరుగు తడి అలాగే ఉంటే తుప్పు పడుతుంది. పైన నల్లటి పూత ఉండే నాన్‌స్టిక్ పెనాలు మాత్రం వద్దు, పళ్ళు గీసుకుని పూత లేస్తుంది. అలాగే మనం తినే పునుగులు, సాంబారు అన్నం మిగిలిపోయాయని గుంటల్లో పెట్టకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల రక్తానికి హాని చేస్తాయి, వండినా సరే. గింజలకి పెనం అంత గొప్పగా ఏం పనిచేయదు, రెండున్నర నిమిషాల్లో ఊడ్చేస్తాడు. కాబట్టి పొద్దున డాబా, లేకపోతే నీలం గిన్నె, రాత్రి పెనం.

మధ్యలో ఇంకా కొన్ని చేశాం, క్లుప్తంగా చెబుతాను. గిన్నెలో పెద్ద రాయి వేస్తే దాని చుట్టూ తింటాడని ఎవరో చెప్పారు. పనిచేస్తుంది కానీ రాయి వాడి నోట్లో పట్టనంత పెద్దది కావాలి, మావాడు దాన్ని కొరికి చూశాడు, పన్ను విరుగుతుందని భయమేసి తీసేశాను. వెడల్పు బేసిన్ మధ్యలో చిన్న గిన్నె బోర్లించి, చుట్టూ గింజలు పోయడం రాయి కంటే నయం, రూపాయి ఖర్చు లేదు, కాకపోతే రెండు నిమిషాలకి మించి ఆపదు. గింజల్ని పది నిమిషాలు నీళ్ళలో నానబెడితే గొంతుకి అడ్డం పడటం తగ్గింది, వేగం తగ్గలేదు. పాత తువ్వాల్లో గింజలు చుట్టి ముడి వేసి ఇస్తే మొదటి రోజు విప్పాడు, రెండో రోజు చింపాడు.

వాడికి పుట్టినరోజు కానుకగా మా అబ్బాయి కాంగ్ అనే రబ్బరు బొమ్మ ఒకటి పంపాడు. మధ్యలో బోలుగా ఉంటుంది, తిండి కూరి ఇవ్వాలి. అమెరికాలో కొలరాడోలో ఒకాయన తన జర్మన్ షెపర్డ్ రాళ్ళు కొరికి పళ్ళు పాడుచేసుకుంటుంటే, పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాను నుంచి ఊడదీసిన రబ్బరు ముక్కను అది ఇష్టంగా నమలడం చూసి, 1970లలో ఈ బొమ్మ తయారుచేశాడట. ధర ఎక్కువే కానీ సరుకు గట్టిది, ఆరు నెలలుగా మావాడి పళ్ళకి తట్టుకుని నిలబడింది. అందులో పెరుగూ అరటిపండూ కూరి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి ఎండాకాలం మధ్యాహ్నాలు ఇస్తే అరగంట కిక్కురుమనకుండా పడుకుంటాడు. పీనట్ బటర్ వేయమని అందరూ అంటారు. వేస్తే డబ్బా మీద జైలిటాల్ ఉందేమో చదవండి, ఆ తీపి పదార్థం కుక్కలకి విషం.

ఇక గిన్నెకి నా మార్కులు. గింజలు మాత్రమే పెట్టే ఇంట్లో, ఒకే కుక్క ఉన్నచోట, కొనొచ్చు. కొనేటప్పుడు రంగు చూడకుండా బరువూ అడుగూ చూడండి. అడుగు అంచుకంటే వెడల్పుగా ఉన్నది తిరగబడదు. అంటించిన రబ్బరు బిళ్ళలు కాకుండా చుట్టూ రబ్బరు పట్టీ ఉన్నది దొరికితే మేలు. కాలవ వెడల్పు మీ కుక్క మూతిని బట్టి ఉండాలి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఈ లోతు గిన్నె హింసే, వాటికి లోతు తక్కువది చూడండి. ప్లాస్టిక్ కొరికే అలవాటు ఉంటే తిన్నంతసేపూ దగ్గరే ఉండి, అవగానే తీసేయండి. అన్నం పెట్టేవాళ్ళు, మనలో ఎక్కువమంది అన్నమే పెడతాం కదా, ఈ డబ్బులతో ఒక ఇనప పెనం కొనుక్కోండి. నా లెక్కన గిన్నెకి మూడు స్టార్లు. ఒకటి ఊడిపోయిన రబ్బరు బిళ్ళలకి, ఇంకొకటి చీమలకి పోయింది.

కక్కడం ఆగి అయిదు నెలలయింది. మధ్యలో ఒక్కసారి, సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలున్న రోజు, ఎవరో పిల్లలు వాడి అన్నం పాత బేసిన్‌లో వేసి ముందు వరండాలో పెట్టారు. అరనిమిషంలో తినేసి, పది నిమిషాలకి సరిగ్గా గుమ్మం మధ్యలో పని కానిచ్చాడు. అంటే వాడేం మారలేదు. తిండి పెట్టే పద్ధతి మారిందంతే.

మా అత్తగారికి బాకీ అలాగే ఉండిపోయిందని పోయిన వారం మెయిన్ రోడ్డుకి వెళ్ళి కొత్త పెనం కొన్నాను, పన్నెండు గుంటలది, చెక్క పిడి ఉన్నది. ఆదివారం సాయంత్రం పిండి కలిపి, మొదటి వాయి ఉల్లిపాయా మిర్చీ లేకుండా చప్పగా వేయమన్నారు ఆవిడ. ఎందుకని నేను అడగలేదు. పొయ్యి మీద పునుగులు చుయ్యిమంటుంటే వాడు వంటింటి గుమ్మం దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగి పెరట్లోకి వెళ్ళాడు. పిడి విరిగిన పెనం ముందు, ముందుకాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని, బుద్ధిగా కూర్చున్నాడు.